తోమెజో పాతిన జెండాలు

మా ఆయన తోమెజోకి విమానమంటే ప్రాణం, విమానం నడిపేవాళ్లంటే ఒళ్లుమంట. రెండూ ఒకే గుండెలో పెట్టుకుని, విమానం నడపడం నేర్పే బడిలో ఎనిమిదేళ్లు మెకానిక్కుగా బతికాడు.

మా చిబా తీరంలో ఆ విమానాల బడికి వేరే మైదానం లేదు. సముద్రం వెనక్కి తగ్గాక గట్టిపడే ఇసకే మైదానం. మళ్లీ పోటు వచ్చేలోపు ఎగరాలి, దిగాలి. ఆ ఇసకలో అక్కడక్కడా దిగబడే చోట్లుంటాయి. రోజుకో వైపు జరుగుతుంటాయి. ఆల్చిప్పలు ఏరుకునే ఇంట్లో పుట్టిన తోమెజో చెప్పులు విప్పి నడిచి, అరికాళ్లతోనే వాటిని పసిగట్టి, వెదురు కర్రకి ఎర్రగుడ్డ కట్టి పాతేవాడు. ఆ జెండాలున్న చోట్లు తప్పించుకునే అందరూ దిగేవారు. "నీకూ ఎగరడం నేర్పిస్తాలే" అని బడి యజమాని మొదటి ఏడాది అన్న మాట ఎనిమిదో ఏటికీ మాటగానే ఉంది.

ఆ వసంతంలో చోషి ఊరి నుంచి సోయా సాస్ వ్యాపారి కొడుకు కన్‌జిరో వచ్చి చేరాడు. ఆరు నెలలకే లైసెన్సు పరీక్షకి సిద్ధమైపోయాడు. మా ఆయనకి అన్నం సయించలేదు.

"వాడి చేతులు చూశావా? ఒక్క బోల్టన్నా బిగించిన చేతులేనా అవి?"

"ఎందుకయ్యా నీకా కుళ్లు? సూపు చల్లారిపోతోంది, తాగు."

"కుళ్లే. కాదన్నానా?"

పరీక్ష రోజు తీరమంతా జనం. "జెండాలన్నీ పాతేశావుగా తోమెజో అన్నా?" అని నవ్వుతూ విమానం ఎక్కాడు కన్‌జిరో. మా ఆయన తలూపాడు. ఇసకలో పరిచిన తెల్లగుడ్డ దగ్గర దిగితేనే పాసు. విమానం రెండు చుట్లు తిరిగి కిందకి వస్తుండగా, మా ఆయన ఉన్నట్టుండి పరిగెత్తుకెళ్లి గుడ్డకి అవతల రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. కన్‌జిరో పక్కకి తిప్పి ఎక్కడో దూరంగా దించాడు. పరీక్ష పోయింది.

"కుళ్లుబోతు వెధవ! పిల్లాడి నోటికాడి కూడు లాగేశాడు!" అని అంతా మీదపడ్డారు.

"అక్కడ చక్రాలు దిగబడతాయి. తిరగబడి చచ్చేవాడు" అన్నాడు మా ఆయన.

"మరి జెండా ఏదిరా?" అన్నాడు యజమాని.

"ఇప్పుడే పసిగట్టాను."

గొడవ తేలేలోపే పోటొచ్చి ఇసకంతా ముంచేసింది. ఆ సాయంత్రమే మా ఆయన ఉద్యోగం ఊడింది.

పదకొండేళ్లు నేను అందరితోనూ తగవు పడ్డాను. చేపల కొట్లో, ఊరి ఆడవాళ్లంతా కలిసి స్నానం చేసే స్నానాల ఇంట్లో, "మా ఆయనే లేకపోతే ఆ పిల్లాడు బూడిదయ్యేవాడు" అని గొంతు చించుకున్నాను. కన్‌జిరో మరో నెలకే పరీక్ష పాసై పెద్ద పైలట్టయ్యాడు. పేపర్లో అతని ఫొటో పడిన రోజు తీసుకెళ్లి మా ఆయన ముందు పడేశాను.

"నువ్వు పెట్టిన ప్రాణభిక్ష ఇది. ఒక్క ఉత్తరం ముక్క రాశాడా?"

ఉద్యోగం పోయాక మళ్లీ ఆల్చిప్పల పనికే చేరిన ఆయన, చేతిలో చిప్పని బుట్టలో పడేశాడు.

"ఇక ఆపవే. ఆ పొద్దున అక్కడ జెండా పాతాను. వాడు కొత్త తోలుకోటు వేసుకుని వస్తుంటే చూసి, పీకేశాను."

నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. మర్నాడు స్నానాల ఇంట్లో ఎవరో నన్ను "కుళ్లుబోతు పెళ్లాం" అన్నారు. వీపు రుద్దుకుంటూ విన్నాను.