బావ పట్టిన బ్రేక్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్నది. చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నిజానికి ఇది వినాల్సిన మనిషి ఒక్కడే. అతనికి చెప్పే ధైర్యం నాకు లేదు.

అతను మా బావ, అక్క భర్త. అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మా రెండిళ్లూ పక్కపక్క సబ్‌డివిజన్ కాలనీల్లోనే. వయసులో నాకంటే కొంచెమే పెద్ద, అందుకని మొదటి నుంచీ మా మధ్య మీరూ గీరూ లేదు. నెమ్మదస్తుడు. స్టవ్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి కార్ వెనక్కి తిప్పే రకం. నేను అలా కాదు. ఒకటి అనుకున్నానంటే అది జరిగి తీరాలి, లేకపోతే ఇంట్లో ఎవర్నీ ప్రశాంతంగా ఉండనివ్వను.

రెసెషన్‌లో ప్రాజెక్ట్ మందగించి ఆఫీస్‌లో చేతినిండా ఖాళీ ఉన్న ఏడాది, స్పెయిన్ పల్లెల్లో సైకిల్ యాత్రల గురించి చదవడం మొదలుపెట్టాను. అద్దె సైకిళ్ల మీద రోజంతా తొక్కుకుంటూ పోవడం, సాయంత్రానికి కోటగోడలున్న ఏదో ఒక చిన్న ఊరు చేరడం. పిచ్చి పట్టినట్టయింది. ఒక్కణ్ణే వెళ్లడం ఇష్టం లేక బావని లాగాను. కాలేజీ రోజుల తర్వాత అతను సైకిల్ ముట్టుకున్నదే లేదు. వీకెండ్స్‌లో మా ఊరి గ్రీన్‌వే సైకిల్ బాట మీద నేనే మళ్లీ అలవాటు చేశాను. మన దేశంలో సైకిల్‌కి ఎడమ చేతి బ్రేక్ వెనక చక్రాన్ని ఆపుతుంది. అమెరికాలోనూ స్పెయిన్‌లోనూ అది తిరగబడుతుంది. అక్కడ వెనక చక్రానికి కుడిచేతి బ్రేక్. పల్లంలో పొరపాటున ఎడమది గట్టిగా నొక్కితే ముందు చక్రం ఆగిపోయి మనిషి ఎగిరి అవతల పడతాడు. ఇది చెప్పిన రోజు నుంచీ బావ సైకిల్ ఎక్కబోయే ముందు "కుడి వెనక, ఎడమ ముందు" అని పైకే అనుకునేవాడు. నేను ఆటపట్టించేవాణ్ణి.

వసంతంలో వెళ్లాం. పడమటి స్పెయిన్. దారికి రెండు వైపులా సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, వాటి వెనక బిరడాల కోసం బెరడు ఒలిచిన ఓక్ చెట్లు, చెట్ల కింద నల్ల పందులు. చర్చి గోపురాల మీద కొంగల గూళ్లు. మధ్యాహ్నమైతే ఊరికి ఊరే తలుపులేసుకుని పడుకునేది. రాళ్లు పరిచిన వీధుల్లో సైకిళ్లు నడిపించుకుంటూ పోయి, నడిబజారులో నీళ్ల పంపు దగ్గర కూర్చునేవాళ్లం, బావ రొట్టెకి ఆవకాయ రాసి ఇచ్చేవాడు. కోట కనబడిన ప్రతిసారీ మన కొండవీడు కంటే పాతదంటావా అని అడిగేవాడు. అంత సంతోషం మళ్లీ నేను ఎరగను. ఇది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఆ సంతోషం ఒక్క రోజు ఆగిపోతుందన్న భయంతోనే నేను ఆ పని చేశాను.

ఒక సాయంత్రం ఊళ్లోకి దిగుతుంటే నా సైకిల్ కుడి బ్రేక్ వదులుగా తగిలింది. బస దగ్గర వంగి చూశాను. బ్రేక్ తీగ పోగులు పోగులుగా విడిపోయి ఉంది. సగానికి పైగా పోగులు తెగిపోయాయి. ఆ ఊళ్లో బాగుచేసేవాళ్లు లేరు. సైకిళ్లు అద్దెకిచ్చినవాడికి ఫోన్ చేస్తే వచ్చి మార్చి ఇస్తాడు, కానీ మర్నాడు పొద్దంతా అక్కడే గడిచిపోతుంది. మర్నాడు మేము దాటాల్సింది కొండ. చలికాలమంతా నేను మ్యాపుల మీద వేలు పెట్టి ఎక్కిన కొండ. బావకి చెప్పానో, రెండు సైకిళ్లూ గేటు దాటవు. చెప్పలేదు. పోనీ, ఆ తీగని నమ్ముకుని నేను కొండ దిగగలనా? దిగలేను. భయం.

పొద్దున్నే బావ తన సీటు గట్టిగా ఉందని, నడుము పట్టేసిందని మూలుగుతున్నాడు. నాది మెత్తగా ఉంది, సైకిళ్లు మార్చుకుందాం అన్నాను. ఎంత మురిసిపోయాడో! వీపు తట్టాడు. బామ్మర్ది బంగారం అన్నాడు.

ఆ క్షణంలో నా మనసులో ఏముంది? ఇన్నేళ్లుగా తవ్వుతూనే ఉన్నాను. బావ నెమ్మదిగా దిగుతాడు, బ్రేక్ సున్నితంగా వాడతాడు, తీగ ఒక్క రోజుకి ఆగుతుంది అనుకున్నానని చెప్పుకుంటూ వచ్చాను. ఆగుతుందని అంత నమ్మకం ఉంటే ఆ సైకిల్ నేనే ఎందుకు ఎక్కలేదు? దీనికి జవాబు ఉంది. అతని ప్రాణం కంటే నా ప్రాణం నాకు తీపి. అంతే.

కొండ ఎక్కడం బాగానే ఎక్కాం. దిగేటప్పుడు ఒక మలుపులో గొర్రెల మంద దారికి అడ్డంగా వచ్చింది. బావ నాకు కొంచెం ముందున్నాడు. అతని కుడి చెయ్యి బిగుసుకోవడం నేను చూశాను. సైకిల్ ఆగలేదు. అప్పుడు ఎడమ చెయ్యి బిగిసింది. బావ హ్యాండిల్ మీదుగా ఎగిరి రాళ్లకి కుడి భుజం కొట్టుకుని పడ్డాడు. గొర్రెల కాపరి కేకలు వేసుకుంటూ ఊరివైపు పరిగెత్తాడు. నేను బావ తల ఒళ్లో పెట్టుకున్నాను. అది నిజం. అంబులెన్స్ వచ్చేలోపు లేచి వెళ్లి, బయటికి వేలాడుతున్న తెగిన తీగని వేలితో లోపలికి తోసేశాను. అదీ నిజమే. ముందు చక్రం అప్పడంలా వంగిపోయి ఉంది. ఆ తుక్కులో బ్రేక్ తీగని ఎవరు వెతుకుతారు?

ఆసుపత్రిలో మత్తు దిగాక బావ అడిగిన మొదటి మాట ఇది.

"నేను ఏ బ్రేక్ పట్టాన్రా?"

నేను దిండు సరిచేస్తుంటే తనే మళ్లీ అన్నాడు.

"కుడిదే పట్టినట్టు గుర్తు. పట్టాను గానీ బిగియలేదు."

"లేదు బావా, ఎడమది పట్టావ్. నీ వెనకే ఉన్నాగా, చూశాను. ఇండియా అలవాటు."

ఎడమ చేతి వేళ్లు ఒకసారి ముడిచి చూసుకున్నాడు. "అంతేనేమోలే. అన్నిసార్లు అనుకుని కూడా... ఛ," అన్నాడు.

నమ్మాడు. తన చేతుల కంటే నన్ను ఎక్కువ నమ్మాడు.

అట్లాంటా తిరిగొచ్చాక భుజానికి రెండు ఆపరేషన్లు చేశారు. చెయ్యి చాలావరకు వచ్చింది, వేళ్లలో పట్టు మాత్రం తగ్గింది. డాక్టర్ డ్రైవ్ చేసుకోవచ్చన్నాడు. బావ చెయ్యనన్నాడు. ప్రమాదం ఎదురొస్తే తన చేతులు తన మాట వినవని, పాత అలవాటుకి పోతాయని, ఏదో ఒక రోజు ఇండియా అనుకుని ఎడమ పక్కకి తిప్పేస్తానని అతని భయం. కార్ లేకుండా పాలు కూడా తెచ్చుకోలేని ఊళ్లో ఆరేళ్లుగా అక్క పక్క సీట్లో కూర్చుని తిరుగుతున్నాడు. పాట్‌లక్ విందుల్లో ఈ కథ తనే చెబుతాడు, తన మీద తనే జోకులేసుకుంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఎన్నోసార్లు చెప్పబోయాను. మొదట చెయ్యి నయమవనీ అనుకున్నాను, తర్వాత అక్క మనసు కుదుటపడనీ అనుకున్నాను, ఆ తర్వాత ఇంకేదో. ఒట్టి పిరికితనానికి ఎన్ని వేషాలు వేయించానో నాకే తెలియదు.

మొన్న మేనకోడలికి లెర్నర్స్ పర్మిట్ వచ్చింది. డ్రైవింగ్ నన్నే నేర్పమన్నాడు బావ. తన బుర్ర మీద తనకి నమ్మకం లేదట, నేనైతే జాగ్రత్త మనిషినట. చర్చి వెనక ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఆ పిల్ల స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. చాలాసేపు కార్ కదిలించలేదు. ఏమైందని అడిగాను.

"మామా, నాన్నకి పానిక్ వస్తే బ్రెయిన్ ఫ్రీజ్ అవుతది కదా. నేను నాన్న డాటర్‌ని. నాకూ అట్లే అవుతదా?"

నోటిదాకా వచ్చింది. దేవుడి సాక్షిగా వచ్చింది. "అవ్వదమ్మా, బ్రేక్ మీద కాలు పెట్టి గేర్ మార్చు," అన్నాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. చెబితే బావ ఏమంటాడు? కొట్టినా, మొహం చూడనన్నా భరించగలనేమో. పోనీలేరా అంటాడేమోనని ఎక్కువ భయం. అక్క మాత్రం అనదు. రేపు శనివారం మళ్లీ ఆ పిల్లని తీసుకెళ్లాలి. రేపైనా చెబుతానా? చెప్పనని నాకు తెలుసు. ఇది రాశాక గుండె కొంత తేలికైన మాట నిజం. దానికీ సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఈ తేలిక దక్కాల్సింది నాకు కాదు. కానీ ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ముందు, ఈ మాట ఉండాలి. బావ ఆ రోజు ఏమీ మర్చిపోలేదు. అతని చేతులు అతని మాట విన్నాయి. అతను కుడి బ్రేకే పట్టాడు.