చిన్నాయనకు చన్నీళ్లు

మా చిన్నాయన పోయాడు. పోయిన వారం పొద్దున్నే కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. కొడుకులు లేరు కాబట్టి చేయాల్సినవన్నీ నేనే చేయాలి. ఎట్లా చేశానో చెప్పకుండా ఆయన మంచితనం గురించి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

కోడుమూరు రోడ్డులో ఇంటి పక్కనే ఆయనకు చిన్న మిల్లు ఉండేది. గాజును సన్నని దారంగా తీసే ఫ్యాక్టరీల్లో తెగిన పోగులు, చిక్కుపడిన ఉండలు కుప్పలుగా మిగులుతాయి. ఒకప్పుడు వాటిని మా ఊరి వంకలో పోసిపోయేవాళ్లు. మేతకు వెళ్లిన గొర్రెలు మూతులు రాళ్లకు రుద్దుకుంటూ ఇంటికొచ్చేవి. చిన్నాయన ఆ చెత్తను తెప్పించి, ఆరబెట్టి, ముక్కలు చేసి, మెత్తటి తెల్లపొడి చేయించేవాడు. ప్లాస్టిక్ సామాన్లు చేసేవాళ్లు దాన్ని బస్తాల్లో కొనుక్కుపోయేవాళ్లు.

"ప్లాస్టిక్‌లో గాజుపొడి ఎందుకు చిన్నాయనా?" అని ఒకసారి అడిగాను.

"మట్టిగోడకు గడ్డి తొక్కి కలపమా? ఇదీ అట్లనే, పట్టు నిలబడతాది. పారేసేదానికి ఏముండాది నాయనా, నలగ్గొట్టే ఓపిక ఉండల్ల గానీ."

ఆ పోగులు, పొడి ఒంటికి తగిలితే ఒకటే దురద. వేన్నీళ్లు పోసుకుంటే ఇంకా ఎక్కువవుతుందని చలికాలంలోనూ ఆయన మిల్లు తొట్టి దగ్గర చన్నీళ్లే పోసుకునేవాడు. ఆయన బట్టలకు వేరే బకెట్టు, పెరట్లో వేరే దండెం. నేను ఇంటర్ చదివేటప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. నా పరుపుకు పొడి అంటుతుందని ఆయన బయట వరండాలో పడుకునేవాడు. పిల్లలు మీదికి ఎగబడితే చేతులు రెండూ పైకెత్తి, "ముట్టుకోవాకండి నాయనా, గీరుకుంటారు" అనేవాడు. పెళ్లిళ్లలో చివరి బంతిలో, ఆ కొసన కూర్చునేవాడు. ఇటు రమ్మని పిలిస్తే, "ఈడ గాలి శానా బాగుండాది" అని తప్పించుకునేవాడు.

మా కోసం ఆయన పాటించిన దూరాన్ని మేము అలవాటు చేసుకున్నాం. "గాజాయన వస్తాండాడు, జరగండి" అనడం మా ఇళ్లలో నవ్వులాట. నేనూ నవ్వేవాణ్ని.

గుండెజబ్బు వచ్చాక ఏడాదిగా ఆయన మిల్లులో అడుగు పెట్టలేదు. అయినా వాకిట్లో బెంచీ వేసి ఆఖరి స్నానం చేయించాల్సి వచ్చేసరికి, చుట్టూ ఉన్న బంధువులు మెల్లగా గోడవైపు జరిగారు. మా పెద్దత్త నా చెవి దగ్గరికి వచ్చి, "చేతులకు ఏమన్నా తొడుక్కో" అంది. మందుల షాపుకు మనిషిని పంపి గ్లౌజులు తెప్పించింది నేనే. ఏడాదిపాటు ఇంట్లో మంచం మీద ఉన్న మనిషికి.

అప్పుడు చిన్నమ్మ లోపలి నుంచి వచ్చింది. బెంచీ పక్కన పొగలు కక్కుతున్న డేగిశాను చూసింది.

"వేన్నీళ్లు పోయాకండి. ఆయప్పకు పడవు."

తనే పోయి తొట్టిలోంచి చన్నీళ్లు తెచ్చింది. ఒట్టి చేతులతో ఆయన మెడ, చంకలు, వేళ్ల సందులు రుద్దింది. ఆ చేతులు ఇన్నేళ్లూ ఆయన్ను ముట్టుకుంటూనే ఉన్నాయని నాకు అప్పుడే తట్టింది. చెంబు నా వైపు చాపి, నా గ్లౌజులు చూసి ఆగింది. నేను తల ఎత్తలేకపోయాను.

"ఉండనీలే నాయనా," అంది. "ఆయప్ప ఉంటే తనే తొడుక్కోమంటాండె."

తిట్టినా బాగుండేది. గ్లౌజులు లాగి పడేసి చెంబు అందుకున్నాను. చన్నీళ్లు పోసి, ఆయన భుజాలు, వీపు నా చేతులతోనే కడిగాను.

శ్మశానం నుంచి వచ్చి తలస్నానం చేశాక కూడా నా కళ్లు అరచేతుల మీదికే పోతున్నాయి. ఎక్కడా దురద లేదు. తడిబట్టలు పిండుకుని పెరట్లోకి వెళ్లాను. అందరి బట్టలూ పెద్ద దండెం మీద కిక్కిరిసి ఉన్నాయి. చిన్నాయన దండెం మీద ఆయన తువ్వాలు ఒక్కటే ఉంది. దాన్ని కొంచెం పక్కకు జరపబోయి, జరపకుండానే ఆనుకునేలా నా చొక్కా ఆరేశాను.