గీత పడిన బాతుపిల్ల సీడీ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వన్ టౌన్ షాపులో అద్దెకు తెచ్చుకున్న బాతుపిల్ల కార్టూన్ సినిమా సీడీ, తప్పిపోయిన ఆ పిల్ల ఇల్లు చేరే ముందే గీత పడి ఆగిపోయింది. టూత్‌పేస్టు రాసి తుడిచినా ముందుకు కదల్లేదు.

"మన బ్యారేజీ కింద వాళ్లమ్మ కనపడిందిలే," అని మా చెల్లి కథ ముగించేసింది. మాకు అది చాలింది.

సినిమా తీసినవాళ్లకే చాలలేదు. రెండో భాగంలో బాతుపిల్ల మళ్లీ తప్పిపోయింది. మూడో భాగంలో దాని పిల్ల తప్పిపోయింది. ఇంటిల్లిపాదికీ దారి తెలియని ఆ బాతుల్ని టిక్కెట్టు కొని మరీ చూశాం. రసం పోయిన చెరుకుపిప్పిని మళ్లీ మళ్లీ మిషన్లో పెట్టేవాళ్లకు సిగ్గెక్కడిది?

హాలు బయటికొచ్చాక చెల్లి అంది: "ఆ గీతే నయం అన్నయ్యా. ఎక్కడ ఆగాలో దానికైనా తెలుసు."