మహాలక్ష్మక్క మెడ తిరగని రోజులు

మా వ్యాను నడిపేది మహాలక్ష్మక్క. పులికాట్ సరస్సు అంచున ఉన్న మా పల్లెల నుంచి పన్నెండు మంది ఆడవాళ్లం తడ దగ్గర చెప్పుల కంపెనీలో పనికి పోతాం. పొద్దున ఐదున్నరకి హారన్ ఒక్కసారే కొడుతుంది. అప్పటికీ రాకపోతే నేరుగా వాకిట్లోకి వచ్చి, "జడ బండిలో వేసుకుందువులే, రా" అని చెయ్యి పట్టి లాక్కుపోతుంది.

పెళ్లయిన కొత్తలో చేపల ఆటోలో సూళ్లూరుపేట మార్కెట్టుకి పోతూ వస్తూ డ్రైవింగ్ నేర్చుకుందంట. భర్త సుబ్బుకి పడవ తప్ప ఇంకేదీ పట్టదు, రోడ్డంటే విసుగు. అక్కకి రోడ్డే ఇష్టం. తొమ్మిదేళ్లలో బండి మీద గీత పడనీయలేదు.

పోయిన ఆగస్టులో ఒకరోజు మమ్మల్ని గేటు దగ్గర దింపి, కంపెనీ పార్కింగులో ఎప్పుడూ పెట్టే చోటే బండి పెట్టింది. ఇంజను ఆపి బెల్టు తీసేసింది. వెనక సీట్లో నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా కనిపిస్తే, అందుకుందామని ఎడమపక్కకి తిరిగి చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడే కుడిపక్క వరసలో ఉన్న కారు రివర్సులో వచ్చి డ్రైవర్ డోరుని గుద్దింది. పెద్ద వేగమేమీ కాదు. అయినా డోరు లోపలికి నొక్కుకుపోయి అక్క కుడి భుజానికి తగిలింది. పక్కకి తిరిగి ఉన్న మెడ విసురుగా ఊగిపోయింది.

సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చి డోరు చూశాడు. కారు దిగిన ఇంజనీరు విజయభాస్కర్ తన బంపరు చూసుకున్నాడు. అక్క కూడా ముందు సొట్టనే చూసింది.

"నాకేం కాలేదులే సార్" అంది.

పది నిమిషాల తర్వాత బండి సరిగ్గా పెడదామని స్టీరింగ్ పట్టుకోబోతే కుడి చెయ్యి లేవలేదు. మెడ తిప్పబోతే కళ్లు బైర్లు కమ్మాయి.

నెల్లూరులో ఎక్స్‌రే తీస్తే కాలర్‌బోన్ విరిగి ఉంది. మెడ కండరాలు కూడా బాగా దెబ్బతిన్నాయని, రెండు నెలలు బండి ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడ జరిగిందని ఆమె అడిగితే, "పార్కింగులో" అని చెప్పడానికి అక్క సిగ్గుపడింది. ఊళ్లోనూ అదే సిగ్గు. ఆగి ఉన్న బండిలో ఇంత దెబ్బ ఎట్లా తగులుతుందని చూడ్డానికి వచ్చినవాళ్లంతా అడిగినారు.

నేను పోయి, "నా డబ్బా వల్లే గదక్కా" అని ఏడిస్తే కసిరింది.

"నీ డబ్బా వచ్చి గుద్దిందా? ఊరుకో."

వారం తిరక్కముందే కంపెనీలో నోటీసు అంటించారు. బెల్టు పెట్టుకోకుండా డ్రైవరు అజాగ్రత్తగా కూర్చోవడం వల్లే గాయమైందని అందులో ఉంది. కారు ఊసే లేదు. ఫోనులో ఫొటో తీసి అక్కకి చూపించాను. రెండుసార్లు చదివింది. మూడోరోజు చెయ్యి మెడకి వేలాడేసుకుని, బస్సెక్కి కంపెనీకి వచ్చింది. ఆ పూట భద్రత మీటింగు జరుగుతోంది. తలుపు తోసుకుని లోపలికి పోయింది.

"నిలిపిన బండిలో బెల్టు తీస్తే తప్పెట్లా అయితాది సార్? వెనక చూడకుండా వచ్చినోళ్ల సంగతి ఎందుకు రాయలేదు? తొమ్మిదేళ్లు మీ ఆడపిల్లల్ని తెచ్చి దించినాను. నా పేరు పక్కన అజాగ్రత్త అని రాస్తే నేనొప్పుకోను."

మేనేజరు ఏదో సర్దిచెప్పబోయాడు. ఇంతలో విజయభాస్కర్ లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది సార్. రివర్స్ చేస్తూ ఫోను చూస్తున్నాను. ఆ రోజే చెప్పాల్సింది, భయపడ్డాను."

సాయంత్రానికి ఆ నోటీసు తీసేసి, జరిగింది జరిగినట్టు రాసిన ఇంకో కాగితం అంటించారు.

ఎముక అతుక్కుంది గానీ అక్కలో భయం పోలేదు. ముందుకి బాగానే నడిపేది. రివర్స్ గేరు వేయగానే బ్రేకు తొక్కేసేది. చేపలు ఎండేసే మైదానంలో పొద్దున్నే సుబ్బు బండి వెనక నిలబడి, "రా... రా... ఇంకా రా" అని పిలిచేవాడు. ఒకరోజు నడిమధ్యలో బండి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. సుబ్బు దగ్గరికొచ్చినాడు. ఏడవడం అయ్యేదాకా డోరు పక్కనే నిలబడి, మళ్లీ వెనక్కి పోయి చెయ్యి ఊపినాడు.

నవంబరులో మా వాకిట్లో హారన్ వినబడింది. ఇప్పటికీ ఆమె మెడ కుడివైపుకి పూర్తిగా తిరగదు, నడుమంతా తిప్పి చూస్తుంది. చలి రోజుల్లో వేడినీళ్ల కాపడం తప్పదు.

విజయభాస్కర్ ఎదురైతే నమస్కారం పెడతాడు. ఆయన మీద కోపం పోయిందా అని ఒకసారి అడిగాను.

"పోలేదు. మెడ నొప్పి పెట్టినప్పుడల్లా వస్తాది. అయినా అంతమందిలో నిజం చెప్పినాడు గదా. నేను తిట్టుకునేది సగంలో ఆపేస్తా" అంది.

ఇప్పుడు ఆదివారాలు మాలో ఇద్దరికి డ్రైవింగ్ నేర్పుతోంది. వాళ్లలో నేనొకదాన్ని. ఇంకా మూడో గేరు దాకా రాలేదు.