మేడం చేతి గాజుల లెక్క

ఈ ఉదయం హాస్టల్ ముందు ఆగిన షేర్ ఆటో అద్దానికి తెలంగాణ ఉద్యమ రంగు, కొత్త గులాబీ రిబ్బను కట్టి ఉంది. దాన్ని చూస్తుండగానే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మా ట్రైనింగ్ మేడం రాత్రి గుండెపోటుతో పోయారట.

మాకు ప్రోగ్రామింగ్ నేర్పింది ఆవిడే. రోజూ పొద్దున గోపన్‌పల్లిలో ఇంటి దగ్గరి మైదానం చుట్టూ పది చుట్లు నడిచేవారు. చుట్టు పూర్తికాగానే ఎడమ చేతి గాజు ఒకటి తీసి కుడి చేతికి వేసుకునేవారు. మధ్యలో ఆగి ఎవరితో ఎంతసేపు మాట్లాడినా ఎన్నో చుట్టో తప్పేది కాదు.

లూపు అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం. అది నాకు వచ్చనుకున్నాను. కాన్వెంటు అలవాటు, నోట్సు అందంగా రాసేదాన్ని. సందేహం మాత్రం అడిగేదాన్ని కాదు. ట్రైనింగ్ చివర్లో నాకిచ్చిన పని, బంద్ రోజుల్లో ఆఫీసు ఉందో లేదో సిబ్బందికి వరసగా మెసేజ్ పంపే ప్రోగ్రాం. పరీక్షిస్తుంటే నెట్‌వర్క్ పోయి మధ్యలో ఆగింది. మళ్లీ నడిపితే మొదటి పేరు నుంచి మొదలైంది. అలా ఐదుసార్లు.

మొదటి పేరు క్యాంటీన్ పెద్దాయనది. "ఏంది బిడ్డా, రేపు ఆఫీసు లేదని ఒక్కసారి చెప్తే తెల్వదా నాకు? ఫోన్ ఐదుసార్లు మోగవట్టె!"

అందరూ నవ్వారు. టీం లీడ్ నవ్వలేదు. "ఈ అమ్మాయిని ప్రాజెక్టులోకి తీసుకోలేమండి. ఇంటికి పంపేద్దాం."

"రెండు రోజులియ్యుండ్రి సార్. పిల్ల చేస్తది. బాధ్యత నాది, నా జిమ్మ," అన్నారు మేడం.

మర్నాడు బంద్. ఆఫీసుకు సెలవే అయినా ప్రోగ్రాం సరిచేద్దామని నేను వెళ్లాను. ఆటోలు లేవు. మేడం నడిచి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మీరు బంద్‌కి మద్దతు కదండీ, మేడం?"

"తెలంగాణ రావాలె, నీ ప్రోగ్రాం గూడ నడవాలె. జర చూపెట్టు."

చదివి, చేతులు ముందుకు చాచారు. "ఎన్నో చుట్టో నా బుర్రల పెట్టుకుంటే, ఎవలన్న పలకరించంగనే పోతది. చేతికుంటే పోదు. నీ లెక్క ప్రోగ్రాం బుర్రలనే ఉంది. అది ఆగంగనే లెక్క పాయె. ఇగ బయట రాసిపెట్టు."

ప్రతి మెసేజ్ వెళ్లగానే దాని వరస సంఖ్య ఒక ఫైలులో పడేలా మార్చాను. మేడం కావాలనే నెట్‌వర్క్ తీగ లాగేశారు. ఆగింది. మళ్లీ నడిపితే, ఆగిన చోటి నుంచే సాగింది.

"చూసినవా? గీ మాత్రానికి ఎంత పరేషాన్ అయినవ్!"

నన్ను ప్రాజెక్టులోకి తీసుకున్నారు. ఈ ఉదయం ఫోన్‌లో, సోమవారం నుంచి కొత్త బ్యాచ్‌కి మేడం బదులు లూపులు నన్నే చెప్పమన్నారు. నలుగురిలో సందేహమే అడగలేనిదాన్ని. అయినా చెబుతానన్నాను.

నా కోసం టీం లీడ్‌కి ఎదురు చెప్పిన రోజున మేడంది కాంట్రాక్టు ఉద్యోగమే. ఆ నెలాఖరుకు దాన్ని పొడిగిస్తూ సంతకం పెట్టాల్సింది ఆ టీం లీడే.