ఫిలోమీన్ పిన్ని తోలు పని

మా ఫిలోమీన్ పిన్నికి అసహ్యాలు ఎక్కువ. ఒకరు తాగిన కప్పులో ఇంకొకరు కాఫీ పోసుకుంటే ఆ పూట ఆమెకు తిండి సహించేది కాదు. పెళ్ళయ్యాక కూడా చేపను ఎనియాస్ బాబాయి కోసి కడిగి ఇస్తేనే వండేది. అలాంటి మనిషి జాకో నది ఒడ్డున బాబాయి వాళ్ళమ్మ అడెల్ ఇంటికి కోడలై వెళ్ళింది. జింక చర్మాన్ని మెత్తటి తోలుగా మార్చడంలో మా లోయలో అడెల్ చెయ్యి పేరున్న చెయ్యి. ఆమె పెరట్లో ఎప్పుడు చూసినా ఏదో ఒక చర్మం నానుతూనో, ఆరుతూనో ఉండేది. కాపురానికి వెళ్ళిన వారంలోనే పిన్ని పెరటి కిటికీకి దుప్పటి బిగించి కట్టేసింది.

రమ్మని, నేర్పుతానని అత్తగారు ఎన్నోసార్లు పిలిచింది. పిన్ని ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేది. కీళ్ళవాపుతో అడెల్ వేళ్ళు బిగుసుకుపోయి, చర్మాలు గీకే దుంగ ఖాళీగా పడి ఉన్నప్పుడు పిన్ని లోలోపల సంతోషించిందని మా అమ్మ చెప్పేది. సొంత చెల్లెలి గురించి అబద్ధం చెప్పే మనిషి కాదు మా అమ్మ.

ఒక శీతాకాలం చివర, అడవిలో చెట్టు నరుకుతుండగా అది మీదపడి బాబాయి పోయాడు. మా ఇళ్ళలో పోయినవాళ్ళ కాళ్ళకు పొగబెట్టిన జింక తోలు జోళ్ళు తొడిగి పంపుతాం. అడెల్ ఇంట్లో అప్పటికి ఒక్క ముక్క తోలు లేదు. చుట్టాల దగ్గర దొరికిన జోళ్ళు బాబాయి పెద్ద పాదాలకు పట్టలేదు. చివరికి దుకాణంలో కొన్న బూట్లతోనే పెట్టెలో పడుకోబెట్టారు. శవజాగారంలో అందరూ జపమాల చెబుతూ, కాఫీలు తాగుతూ ఉంటే అడెల్ కోడలి వైపు చూడనైనా లేదు. మట్టి వేశాక మాత్రం అంది.

"వాళ్ళ నాన్నని నా చేతుల్తో కుట్టిన జోళ్ళేసి పంపించా. వీడేమో రబ్బరు మడమలేసుకుని పోయాడు."

పిన్నికి తన మీద తనకే రోత పుట్టింది. ఆకులు రాలే వేళకు మరిది ఒక జింకను కొట్టుకొస్తే, దాని చర్మమూ తలకాయా గోనెసంచిలో ఈడ్చుకొచ్చి అత్తగారి ముందు పడేసింది. నేర్పమని అడిగింది.

చర్మం తొట్టిలో నానింది. వెంట్రుకలు వాటంతట అవి ఊడే దాకా నానాలి. పిన్ని మూత తీసేసరికి అది నీళ్ళలో ఉబ్బి, మునిగి చచ్చినదానిలా తేలుతోంది. నీళ్ళ మీద బూడిదరంగు తెట్టు. బయటికి లాగి దుంగ మీద పరిచి, మొద్దు కత్తితో గీకడం మొదలుపెట్టింది. వెంట్రుకలు ముద్దలుగా ఊడి మోచేతులకు అంటుకున్నాయి. తిప్పి వేసి లోపలివైపు గీకితే చీమిడిలాంటి పొర జారి కాలి మీద పడింది. ఆమె ఒక చేత్తో ముక్కు మూసుకుంది.

అడెల్ కుర్చీలో కూర్చుని చూస్తోంది. "ఒంటిచేత్తో ఏం గీకుతావే? రెండు చేతులూ పెట్టు. కక్కొస్తే పక్కకెళ్ళి కక్కు, తోలు మీద మాత్రం కక్కకు."

పిన్ని పక్కకెళ్ళి కక్కింది. తిరిగొచ్చి మళ్ళీ గీకింది.

అంతకంటే ఘోరం మెదడు. తోలు మెత్తబడాలంటే దాన్నే పట్టించాలి. తల పగలగొట్టి తీసిన మెదడును గోరువెచ్చటి నీళ్ళలో వేసి, ఉండలు లేకుండా చేత్తో పిసకాలి. అది వేళ్ళ సందుల్లోంచి పెరుగులా జారుతుంటే పిన్ని కళ్ళు మూసుకుని మరియమ్మను తలుచుకుంది. ఆ జావ తాగిన చర్మాన్ని కర్రతో మెలిపెట్టి పిండి, ఆరేదాకా ఆపకుండా సాగదీస్తూనే ఉండాలి. వాసన భరించలేక, కాసేపు చేతులు కడుక్కుందామని పిన్ని ఇంట్లోకి వెళ్ళింది. సబ్బుతో తోమి తోమి బయటికి వచ్చేసరికి తోలు రేకులా బిగుసుకుపోయింది. మళ్ళీ నానబెట్టాలి, మళ్ళీ మెదడు పిసకాలి.

ఆ రోజుల్లో ఆమె బడి వంటింట్లో పనిచేసేది. ఒక పొద్దున పిల్లలకు గంజి వడ్డిస్తుంటే పెద్ద వంటావిడ పక్కకు పిలిచి, ఈ తోలు గొడవ తేలేదాకా గిన్నెలు తోమే దగ్గరే ఉండమంది. నా జుట్టులోంచి శవం వాసన వస్తోందట అక్కా అని పిన్ని మా అమ్మ దగ్గర ఏడ్చింది.

ఎలాగో తోలు మెత్తబడింది. దాన్ని సంచిలా కుట్టి, పుచ్చిన కొయ్య రాజేసి, మంట లేకుండా పొగబెట్టింది. తేనె రంగు తేలింది. అందరూ ఇష్టపడే ఆ పొగ వాసన కూడా పిన్నికి కమురు కంపులాగే తోచింది. బాబాయి కొలతకు జోళ్ళు కుట్టి, సమాధి తలవైపు చిన్న గొయ్యి తవ్వి పాతిపెట్టింది. మర్నాడు వెళ్ళి చూస్తే కుక్కలు వాటిని తవ్వి లాగేశాయి. నమిలిన తోలు ముక్కలు, చొంగ, మట్టి. వాటిని ఏరుతూ ఆమె అక్కడే మళ్ళీ కక్కుకుంది. ఇంటికొచ్చి ఇంకో చర్మం నానబెట్టింది.

కొన్నేళ్ళకు అడెల్ మంచం పట్టింది. తన కోసం పిన్ని కుట్టిన జోళ్ళు తెప్పించుకుని, వంకర వేళ్ళతో తడిమి, మడమ దగ్గర కుట్టు పక్కకు పోయిందంది. తర్వాత కోడలిని అడిగింది.

"అసహ్యం తగ్గిందా?"

"లేదత్తా. ఇంకా ఎక్కువైంది."

"నాకూ తగ్గలేదే. తొట్టి మూత తీసినప్పుడల్లా కడుపులో తిప్పేది. మీ మామ నవ్వుతాడని మింగేసేదాన్ని."

పిన్ని నోరు తెరుచుకుని చూసింది. "మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చునేదానివి. గీకేదెవరు?"

అడెల్ పోయిన రోజున పిన్నే ఆమె కాళ్ళు కడిగి జోళ్ళు తొడిగింది. పెట్టె మూసేముందు, బాబాయి కోసం కుట్టిన రెండో జత జోళ్ళను అత్తగారి చంకలో పెట్టింది. ఆయనకివ్వత్తా అని మెల్లగా చెప్పడం మా అమ్మ విన్నది.

ఆ వారంలోనే ఏరు అవతలి ముసలాయనకు జబ్బు ముదిరిందని ఆయన కూతురు జోళ్ళకని ఒక పచ్చి చర్మం తెచ్చి గుమ్మంలో పెట్టింది. పిన్ని ఆమెకు కాఫీ ఇచ్చి, మూతి తిప్పుకుని, చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పెరట్లోకి నడిచింది. ఇంత కంపు కొట్టేదాకా ఎందుకు దాచారమ్మా అని తిడుతూనే తొట్టిలోకి నీళ్ళు పట్టింది.