చిలక తాగిన టెంకాయ చిప్ప

మొన్న సంతలో పచ్చిమిరపకాయల ఘాటు తగలగానే మా చిలక గుర్తొచ్చింది. నా చిన్నప్పటి కరువు రోజుల్లో దానికి మిరపకాయ పెట్టడం, పంజరం తుడవడం, టెంకాయ చిప్పలో నీళ్లు పోయడం నా పనులు. మీలో ఎవరింట్లో చిలక ఉండేది?

పెళ్లికని గుంతకల్లు పోతూ దాన్ని పక్కింటి నాగమ్మత్తకు అప్పగించాం. తిరిగొచ్చేసరికి చిప్ప ఎండిపోయి ఉంది, చిలక చచ్చిపడి ఉంది.

"మనుషులకే నీళ్లు లేవు, పక్షికి యాడ తెచ్చేది?" అంది అత్త. ఆమె మల్లెచెట్టు పాదు మాత్రం తడిగా ఉంది.

వారం తిరక్కుండా ఆ అత్తే ఎండనపడి వచ్చి మా అరుగు మీద కూలబడి, "రోంత నీళ్లియ్యప్పా" అంది. చిలక చిప్పను ఖాళీగానే ఆమె చేతిలో పెట్టాను.

"నీ మల్లెచెట్టునడుగు పో, అత్తా!"

అమ్మ నా వీపు వాయించింది. అయినా చిప్పలోకి చూసి అత్త ముఖం మాడిపోయింది చూడండి, ఈ వయసులో తలుచుకున్నా కడుపు చల్లబడుతుంది.